ఎవరి కాగితం మీద ప్రయాణం?

మగవాడికి అరవై నిండితే షష్టిపూర్తి. మళ్ళీ పెళ్ళిపీటలు, మళ్ళీ మంగళసూత్రం, కొత్త బట్టలు, బంధువుల భోజనాలు. ఆ పీటల మీద పక్కన కూర్చునే ఆడమనిషికి అప్పటికి ఏ యాభై అయిదో, యాభై ఎనిమిదో. తర్వాత ఆమెకూ ఒకరోజు అరవై నిండుతాయి. ఆ రోజుకి మా ఇళ్ళలో ఏ తంతూ లేదు. మా అమ్మకి అరవై ఎప్పుడు నిండాయో మాలో ఎవరికీ గుర్తు లేదు.

ఈ ఏడాది నాకు అరవై నిండుతున్నాయి. తంతు లేకపోవడం ఒక రకంగా మేలే, మనకి నచ్చింది మనం పెట్టుకోవచ్చు. నేను రైళ్ళు పెట్టుకున్నాను. వార్సా, బెర్లిన్, హైడెల్‌బర్గ్, స్టుట్‌గార్ట్, జ్యూరిక్, పారిస్. ఆరు ఊళ్ళు, మధ్యలో అయిదు రైలు ప్రయాణాలు. నెలరోజుల్లో మనకి వీలైన ఏ అయిదు రోజులైనా ఎక్కగలిగే పాస్ ఒకటి దొరుకుతుంది. అరవై నిండినవాళ్ళకి పది శాతం తగ్గింపు కూడా ఉంది. మన రైళ్ళలో ఆడవాళ్ళకి యాభై ఎనిమిదేళ్ళ నుంచే సగం ఛార్జీ ఉండేది, దాన్ని 2020 మార్చిలో ఆపేశారు. ఆ సగం టిక్కెట్టు ధైర్యంతోనే కూతుళ్ళ ఇళ్ళకి ఒంటరిగా రైలెక్కడం నేర్చుకున్న ఆడవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

"అమ్మా, పదకొండు రోజుల్లో ఏడు దేశాలు చూపించే ప్యాకేజీ ఉంది. తెలుగు వంటవాడు కూడా వస్తాడు" అంది మా అమ్మాయి. ఆ ప్యాకేజీలో వార్సా లేదు, స్టుట్‌గార్ట్ అసలే లేదు. ఈ ఊళ్ళే ఎందుకని అందరూ అడిగారు. అంతకన్నా ముందు అడిగిన ప్రశ్న ఇంకొకటి: "ఎవరితో?"

ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను. యూరప్‌లో రైల్వేల విస్తరణ అనగానే బొగ్గు, ఇనుము, బిస్మార్క్, సైన్యాల తరలింపు... సిలబస్ అంతవరకే. ఆ పెట్టెల్లో ఎక్కిన ఆడవాళ్ళు ఎవరు, ఎందుకెక్కారు, ఎక్కడానికి ఎవరి సంతకం కావలసివచ్చింది అన్నది పాఠంలో ఎక్కడా రాలేదు. లెనిన్ 1917 ఏప్రిల్‌లో జ్యూరిక్ నుంచి మూసిన పెట్టెలో రష్యాకి బయల్దేరిన కథ మాత్రం మా తరానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అంతకు యాభై ఏళ్ళ ముందే రష్యా నుంచి అదే జ్యూరిక్‌కి రైళ్ళలో వచ్చిపడిన అమ్మాయిల సంగతి నాకు రిటైరయ్యాక గానీ వివరంగా చదివే తీరిక చిక్కలేదు.

జార్ల రష్యాలో ఆడదానికి విడిగా పాస్‌పోర్టు ఉండేది కాదు. పెళ్ళికాకపోతే తండ్రి కాగితం మీద, పెళ్ళయితే భర్త కాగితం మీద ఆమె పేరు ఉండేది. వాళ్ళ అనుమతి లేకుండా కదలడానికి లేదు. విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని చేర్చుకోవు, చదువుకోవాలంటే దేశం దాటాలి, దేశం దాటాలంటే మగవాడి కాగితం కావాలి. మరి తండ్రి పంపకపోతే? దానికి వాళ్ళు కనిపెట్టిన దారి ఉత్తుత్తి పెళ్ళి. ఆడపిల్లల చదువు పట్ల సానుభూతి ఉన్న యువకుడు ఒకడు చర్చిలో పెళ్ళి చేసుకుంటాడు, సరిహద్దు దాటిస్తాడు, అక్కడితో అతని పాత్ర ముగుస్తుంది. సోఫియా కొవలెవ్‌స్కయా 1868లో పద్ధెనిమిదేళ్ళ వయసులో వ్లదీమిర్ కొవలెవ్‌స్కీని అలాగే చేసుకుంది. లెక్కల కోసం పెళ్ళి! (వాళ్ళిద్దరూ ఆ తర్వాత నిజంగానే కాపురం చేశారు, ఒక కూతురు కూడా పుట్టింది. అది వేరే కథ, అంత సుఖమైనదీ కాదు.)

1869లో ఆమె హైడెల్‌బర్గ్ చేరింది. అక్కడ ఒక్కొక్క ప్రొఫెసర్‌నీ విడివిడిగా ఒప్పించుకుంటే తరగతిలో కూర్చోనిస్తారు, అంతే. రసాయన శాస్త్రం చదవడానికి స్నేహితురాలు యూలియా లెర్మొంతవా కూడా వచ్చింది. తన ప్రయోగశాలలోకి ఆడదాన్ని రానివ్వనని భీష్మించుకున్న బున్సెన్ దగ్గర ఆమెకి చోటు ఇప్పించింది సోఫియానే. మనం ఇంటర్మీడియెట్‌లో వెలిగించిన బున్సెన్ బర్నర్ ఈయనదే. 1870లో సోఫియా బెర్లిన్ వెళ్తే అక్కడ కూర్చోవడానికి కూడా వీల్లేదన్నారు. వయర్‌స్ట్రాస్ నాలుగేళ్ళు ఇంట్లో విడిగా పాఠం చెప్పాడు. చివరికి 1874లో గట్టింగెన్ విశ్వవిద్యాలయం ఆమె అక్కడ లేకుండానే డాక్టరేటు ఇచ్చింది. అదే ఏడాది అక్కడే లెర్మొంతవాకి కూడా. హైడెల్‌బర్గ్ ఆడపిల్లల్ని మామూలు విద్యార్థులుగా చేర్చుకున్నది 1900లో, బెర్లిన్ 1908లో.

జ్యూరిక్ మాత్రం ముందే తలుపు తీసింది. 1867లో నదేజ్దా సుస్లోవా అక్కడ వైద్యంలో డాక్టరేటు తీసుకుంది. ఆ కబురు రష్యా అంతా పాకింది. 1873 నాటికి ఆ చిన్న ఊళ్ళో సుమారు వందమంది రష్యన్ అమ్మాయిలు చదువుతున్నారు. జుట్టు కత్తిరించుకుని, రాత్రిళ్ళు గుంపులుగా చేరి చర్చలు పెట్టుకుంటూ... జార్ ప్రభుత్వానికి నిద్ర పట్టలేదు. ఆ ఏడు జూన్‌లో ఒక ఉత్తర్వు వెలువడింది. జ్యూరిక్‌లో ఆడపిల్లలు స్వేచ్ఛాప్రణయాలు సాగిస్తున్నారట, వైద్యం నేర్చుకునేది గర్భస్రావాల కోసమేనట! 1874 జనవరి 1 దాటి అక్కడే ఉన్నవాళ్ళకి స్వదేశంలో పరీక్షలూ ఉండవు, ఉద్యోగాలూ ఉండవు. ఇది చదువుతుంటే మా కాలేజీ రోజుల్లో లేడీస్ హాస్టల్ గురించి ఊరు చెప్పుకున్న కథలు గుర్తొచ్చాయి. చదువు ఆపడానికి చదువును తిట్టనక్కర్లేదు. శీలం గురించి గుసగుస లేపితే చాలు, తండ్రులే వచ్చి తీసుకుపోతారు. కొందరు అమ్మాయిలు వెనక్కి వెళ్ళి విప్లవకారిణులయ్యారు, కొందరు బెర్న్‌కీ, పారిస్‌కీ రైలెక్కారు. చిత్రమేమిటంటే, థామస్ కుక్ కంపెనీ యూరప్ రైళ్ళ టైంటేబుల్ పుస్తకం మొదలుపెట్టింది కూడా ఆ 1873లోనే.

అంత ఉదారంగా పట్టా ఇచ్చిన స్విట్జర్లాండ్, తమ దేశపు ఆడవాళ్ళకి జాతీయ స్థాయిలో ఓటు ఇచ్చింది 1971 ఫిబ్రవరిలో. సుస్లోవా డాక్టరేటుకీ దానికీ మధ్య నూటనాలుగేళ్ళు. ఒక కాంటన్‌లో అయితే స్థానిక ఓటు కోసం 1990లో కోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. మంచుకొండల ముందు నిలబడి ఫొటో దిగేవాళ్ళకి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

రోజా లగ్జెంబర్గ్ 1889లో వార్సా నుంచి సరిహద్దు దాటింది గడ్డిబండిలో, ఎండుగడ్డి కింద దాక్కుని అంటారు. ఆమె కూడా చేరింది జ్యూరిక్‌కే. 1897లో డాక్టరేటు తెచ్చుకుంది. మరి జర్మనీలో రాజకీయాల్లో పనిచేయాలంటే జర్మన్ పౌరసత్వం కావాలి. 1898లో గుస్తవ్ ల్యూబెక్ అనే అతనితో కాగితం మీద పెళ్ళి! సోఫియాకి ముప్ఫయ్యేళ్ళ తర్వాత, ఇంకో దేశంలో, మళ్ళీ అదే ఉపాయం. సామ్రాజ్యాల్ని ఎదిరించిన మనిషికి కూడా మొగుడి పేరు ఒకటి ఎక్కడో కావలసివచ్చింది. బెర్లిన్‌లో 1919 జనవరిలో ఆమెను చంపి పడేసిన కాలువ గట్టు నా బెర్లిన్ రోజుల్లో మొదటిది.

మనవాళ్ళు ఎవరూ లేరా ఈ దారుల్లో? ఉన్నారు. పోతం జానకమ్మ రాఘవయ్య ఆ 1870లలోనే మద్రాసు నుంచి ఇంగ్లండు చూసివచ్చింది. తెలుగులో రాసుకున్నదాన్ని తనే ఇంగ్లీషులోకి మార్చి 1876లో మద్రాసులో పుస్తకంగా వేయించింది. మన సాహిత్య చరిత్రల్లో యాత్రాచరిత్ర అంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర దగ్గర మొదలై చాలాకాలం మగవాళ్ళ మధ్యనే తిరిగింది. జానకమ్మ భర్తతో వెళ్ళింది, నిజమే. కానీ కళ్ళు తనవి, రాత తనది.

స్టుట్‌గార్ట్ పెట్టుకున్నది మేడం కామా కోసం. 1907 ఆగస్టులో అక్కడ జరిగిన అంతర్జాతీయ సోషలిస్టు మహాసభలో ఆమె భారత స్వాతంత్ర్య పతాకం ఎగరేసింది. సరిగ్గా దానికి ముందు, అదే ఊళ్ళో, క్లారా జెట్కిన్ ముందుండి నడిపిన మొదటి అంతర్జాతీయ సోషలిస్టు మహిళల సదస్సు జరిగింది. కామా భర్త ముంబైలో పేరున్న లాయరు, బ్రిటిష్ పాలన అంటే ఇష్టం ఉన్నవాడు. ఆమె వైద్యం కోసమని 1902లో బయల్దేరి, 1935 దాకా తిరిగి రాలేదు.

ఇక వార్సా. మరియా స్క్లొడోవ్‌స్కా, అంటే మన మేరీ క్యూరీ, అక్కతో ఒక ఒప్పందం చేసుకుంది. ముందు అక్క బ్రోన్యా పారిస్‌లో వైద్యం చదువుతుంది, తను ఇళ్ళల్లో పిల్లలకి పాఠాలు చెప్పి డబ్బు పంపుతుంది. తర్వాత అక్క తనని పిలిపించుకుంటుంది. తన వంతు వచ్చేసరికి ఇరవై నాలుగో ఏడు. 1891 నవంబరులో బయల్దేరింది. జర్మనీలో నాలుగో తరగతి పెట్టెలో కూర్చోవడానికి సరైన చోటు ఉండదని మడతకుర్చీ, తినడానికి తిండి, కప్పుకోవడానికి దుప్పటి, పరుపు వెంటబెట్టుకుంది. పారిస్‌లో దిగింది గార్ దు నోర్ స్టేషన్‌లో. ఈ కథల్లో ఏ మగవాడి సంతకం మీదా కాకుండా అక్కాచెల్లెళ్ళ ఒప్పందం మీద నడిచిన ప్రయాణం ఇదొక్కటే. నా మార్గం మొత్తం దీని చుట్టూనే అల్లుకున్నాను. 1995లో ఆమె అస్థికల్ని పారిస్‌లో పాంథియాన్‌కి మార్చారు. సొంత కృషి వల్ల ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ. అంతకుముందు అక్కడున్న ఒకే ఒక స్త్రీని 1907లో భర్త పక్కన ఉండాలని పెట్టారు.

అదే పట్టాల మీద ఎదురు దిశలో వెళ్ళిన రైలు కూడా ఉంది. 1943 జనవరి 24న పారిస్‌కి ఉత్తరాన ఉన్న కాంపియేన్ నుంచి 230 మంది ఆడవాళ్ళని పశువుల పెట్టెల్లో ఆష్విట్జ్‌కి పంపారు. ఎక్కువమంది నాజీల్ని ఎదిరించిన వాళ్ళు. మూడు రోజుల ప్రయాణం. తిరిగి వచ్చినవాళ్ళు 49 మంది. వాళ్ళలో ఒకరైన షార్లట్ డెల్బో ఆ 230 మందిలో ప్రతి ఒక్కరి గురించీ విడివిడిగా, పేరుపేరునా రాసి 1965లో పుస్తకం చేసింది. పారిస్ నుంచి కాంపియేన్‌కి ఒక పూట వెళ్ళి రావచ్చు. ఆ పూట పుట్టినరోజు నాడు పెట్టుకోవద్దని మా ఆయన అన్నాడు. ఆ మాట వరకు విన్నాను.

"ఎవరితో?" అన్న ప్రశ్నకి నా జవాబు వదిన. మా ఆడబిడ్డ, అరవై నాలుగేళ్ళు, భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంతవరకూ పాస్‌పోర్టు లేదు. తనూ నేనూ కూర్చుని లెక్కవేస్తే తేలింది: మా నాన్న కాజీపేటలో రైల్వే గార్డు కాబట్టి పెళ్ళి దాకా నేను తిరిగింది నాన్న పాస్ మీద. తర్వాత ఇద్దరం ఉద్యోగులమే అయినా ఎల్‌టీసీ ఎప్పుడూ ఆయన పేరు మీదే. వదిన కాశీ వెళ్ళింది కొడుకు బుక్ చేసిన టిక్కెట్టు మీద. "మనం కూడా రష్యావాళ్ళమేనే" అంది వదిన.

అదృష్టం, పాస్‌పోర్టు నిబంధనలు 2016 డిసెంబరులో మార్చారు. పెళ్ళి సర్టిఫికెట్ అడగరు, తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి పేరు చాలు. వదిన వాళ్ళమ్మ పేరు రాసింది. షెంగెన్ వీసా ఫారంలో మాత్రం వివాహస్థితి గడి ఉంది. ఇంకా కిందకి వస్తే ఖర్చు భరించేది ఎవరు, స్వయంగానా, స్పాన్సరా అని ఇంకో గడి. దరఖాస్తుల కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మా ఇద్దరినీ చూసి "స్పాన్సర్ లెటర్ మీ అబ్బాయి ఇస్తారా మేడమ్?" అన్నాడు. మా ఇద్దరి పెన్షన్ కాగితాలూ ముందుపెట్టాను. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు పెట్టాలి కాబట్టి మాది ఫ్రాన్స్: పారిస్‌లో అయిదు రాత్రులు, వార్సా, బెర్లిన్, జ్యూరిక్ మూడేసి. జ్యూరిక్ నుంచి పారిస్ వెళ్ళే వేగపు రైలుకి పాస్ ఉన్నా సీటు విడిగా రిజర్వు చేసుకోవాలి, అదీ ముందుగానే. ఆ రైలు గార్ దు నోర్‌కి కాదు, గార్ ద లియోన్‌కి వెళ్తుంది. మరియా దిగిన ప్లాట్‌ఫారం మీద నిలబడటం కాంపియేన్ రైలెక్కే రోజున కుదురుతుంది, అదీ గార్ దు నోర్ నుంచే కదా.

మిగిలింది స్టాక్‌హోమ్ ఒక్కటే. అక్కడ విశ్వవిద్యాలయంలో సోఫియా కొవలెవ్‌స్కయా 1884 నుంచి పాఠం చెప్పింది, 1889లో పూర్తి స్థాయి ప్రొఫెసర్ అయింది. 1891 శీతాకాలంలో సెలవుల నుంచి తిరిగి వెళ్తూ, కోపెన్‌హాగన్‌లో మశూచి ఉందని విని, డెన్మార్క్ దీవుల మీదుగా చుట్టుదారి పట్టింది. అర్ధరాత్రి బళ్ళు మారుతూ, కూలీకి ఇవ్వడానికి ఆ దేశపు చిల్లర లేక, వానలో సామాను తనే మోసుకుంది. ఇల్లు చేరి మంచం పట్టి, ఫిబ్రవరి 10న న్యుమోనియాతో పోయింది. నలభై ఒక్కేళ్ళు. అదే ఏడాది నవంబరులో మరియా తన మడతకుర్చీ మడిచి వార్సాలో రైలెక్కింది.

స్టాక్‌హోమ్ వెళ్ళాలంటే అయిదు రోజుల పాస్ సరిపోదు, ఏడు రోజులది కావాలి. ఆ తేడా ఎంతో వదిన కాగితం మీద లెక్క వేస్తోంది.