స్టీమ్‌వర్క్స్

స్టీమ్‌వర్క్స్ అనేది వీడియో గేమ్‌లు తయారుచేసేవారికి వాల్వ్ కార్పొరేషన్ ఉచితంగా అందించే ఉపకరణాల సముదాయం. వాల్వ్ నిర్వహించే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ పంపిణీ వేదికలోని సదుపాయాలను గేమ్‌లో వాడుకోవాలంటే, ఆ గేమ్‌ను నడిపే ఇంజనుకు స్టీమ్‌వర్క్స్‌ను అనుసంధానించాలి.

చరిత్ర

వాల్వ్ సంస్థను 1996లో గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ అమెరికాలో స్థాపించారు. స్టీమ్ 2003 సెప్టెంబరు 12న ప్రారంభమైంది. వాల్వ్ సొంత గేమ్‌లకు మార్పులు, చేర్పులు అందించడం మొదట్లో దీని ముఖ్యోద్దేశం. తరువాత ఇతర సంస్థల గేమ్‌ల విక్రయమూ మొదలైంది. 2008 జనవరిలో స్టీమ్‌వర్క్స్‌ను ప్రకటించారు. 2017 జూన్‌లో మొదలైన స్టీమ్ డైరెక్ట్ పద్ధతిలో ఒక్కొక్క గేమ్‌కు 100 డాలర్లు రుసుము చెల్లించి ఎవరైనా తమ గేమ్‌ను నమోదు చేసుకోవచ్చు. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో రూపొందించిన అసుర అనే గేమ్ 2017లో స్టీమ్‌లో విడుదలైంది.

అనుసంధాన విధానం

స్టీమ్‌వర్క్స్ లైబ్రరీ సీ++ భాషకు అనుగుణంగా ఉంటుంది. యూనిటీ ఇంజనులో సీ# భాష వాడతారు కనుక స్టీమ్‌వర్క్స్ డాట్ నెట్ వంటి మధ్యవర్తి లైబ్రరీ అవసరమవుతుంది. గోడో ఇంజనుకు గోడోస్టీమ్ ఉంది. అన్‌రియల్ ఇంజనులో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

నమోదైన ప్రతి గేమ్‌కూ స్టీమ్ ఒక గుర్తింపు సంఖ్యను కేటాయిస్తుంది. స్టీమ్‌వర్క్స్‌తో పాటు వచ్చే స్పేస్‌వార్ అనే నమూనా గేమ్ సంఖ్య 480. గేమ్ మొదలుకాగానే లైబ్రరీని ప్రారంభించాలి. ఆ సమయానికి కంప్యూటరులో స్టీమ్ క్లయింటు నడుస్తూ ఉండాలి. స్టీమ్ నుండి వచ్చే జవాబులు వెంటనే అందవు. అందువల్ల గేమ్ నడుస్తున్నంతసేపూ, సాధారణంగా ప్రతి ఫ్రేములోనూ, జవాబులు వచ్చాయేమో ఇంజను చూస్తూ ఉండాలి. ఈ పని మరచిపోతే లైబ్రరీ సరిగా ప్రారంభమైనా గేమ్‌కు జవాబులు చేరవు.

ముఖ్య సదుపాయాలు

* అచీవ్‌మెంట్లు: ఆటగాడు సాధించిన విజయాలకు గుర్తింపు. వీటిని ముందుగా స్టీమ్‌వర్క్స్ వెబ్‌సైటులో నిర్వచించాలి. గేమ్‌లో ఒక విజయాన్ని గుర్తించిన తరువాత, దానిని భద్రపరచమని విడిగా ఆదేశం ఇవ్వాలి.
* స్టీమ్ క్లౌడ్: ఆట ఎక్కడ ఆగిందో తెలిపే ఫైళ్ళను స్టీమ్ సర్వర్లలో దాచుతుంది. ఫైళ్ళు ఉన్న చోటును వెబ్‌సైటులో సూచిస్తే చాలు, కోడు రాయకుండానే ఇది పనిచేస్తుంది.
* ఓవర్‌లే: ఆటపైన తెరుచుకునే స్టీమ్ తెర. ఒంటరిగా ఆడే గేమ్ అయితే, ఇది తెరుచుకున్నప్పుడు ఆటను నిలిపివేయడం మంచిది.

నెట్‌వర్కు లేనప్పుడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఆ జిల్లాలో విద్యుత్తు, సమాచార వ్యవస్థలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఇటువంటి సమయాల్లో విద్యుత్తు తిరిగి వచ్చినా ఇంటర్నెట్ రాకపోవచ్చు. స్టీమ్‌లో ఆఫ్‌లైన్ విధానం ఉంది. అందులో సాధించిన అచీవ్‌మెంట్లను క్లయింటు కంప్యూటరులోనే దాచి, తిరిగి ఆన్‌లైన్‌లోకి వచ్చినప్పుడు సర్వరుకు పంపుతుంది.

అయితే లైబ్రరీ ప్రారంభం కాలేదన్న కారణంతోనే ఆగిపోయేలా గేమ్‌ను రాస్తే, కొనుక్కున్నవారు కూడా దానిని ఆడలేరు. అందువల్ల స్టీమ్‌కు సంబంధించిన కోడునంతా ఇంజనులో ఒకే పొరగా వేరుచేసి, అది పనిచేయకపోయినా ఆట సాగేలా రాయడం మంచి పద్ధతి. అదే గేమ్‌ను తరువాత వేరొక పంపిణీ వేదికకు మార్చవలసి వస్తే ఆ ఒక్క పొరను మారిస్తే సరిపోతుంది.