సూది ఎంత పొడవుండాలి? సుగర్ పరీక్ష వెనక వందేళ్ళ కథ

రాత కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

ఈమధ్య మనవాళ్ళ ఫోన్లలో ఒక చేతి గడియారం ప్రకటన తెగ తిరుగుతోంది. సూది లేదు, రక్తం లేదు, కట్టుకుంటే చాలు సుగర్ ఎంతో చెప్పేస్తుందట. మారండహళ్ళిలోనే ఇద్దరు ముగ్గురు తెప్పించుకున్నారు. వాళ్ళలో ఇన్సులిన్ వేసుకునేవారూ ఉన్నారు కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాం. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా సుగర్ కొలిచే గడియారానికి గానీ ఉంగరానికి గానీ తాము ఇంతవరకు అనుమతి ఇవ్వలేదని, అలాంటివి చూపే అంకె నమ్మి మందు వేసుకుంటే ప్రాణం మీదికి రావచ్చని దాని సారాంశం. ఆ గడియారం చూసి ఇన్సులిన్ మోతాదు మార్చకండి.

అలాగని నొప్పి లేకుండా కొలవాలన్న ఆశను తప్పుపట్టలేం. ఆ ఆశ వెనక వందేళ్ళ కథ ఉంది. ఆ కథలో ఒక గదిలో మన తెలుగాయన కూడా ఉన్నారు.

భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో ఆయన పనిచేసిన జీవరసాయన విభాగానికి అధిపతి ఆటో ఫోలిన్. చైనా నుంచి వచ్చిన తన శిష్యుడు వూతో కలిసి, రక్తంలో చక్కెర కొలిచే ఫోలిన్–వూ పద్ధతిని అప్పటికే తయారు చేసిన మనిషి. రక్తంలోని మాంసకృత్తులు తీసేసి, మిగిలిన ద్రవంలో రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత ముదిరితే చక్కెర అంత ఎక్కువ. 1925లో సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించిన భాస్వరం పరీక్షలోనూ నీలం రంగు ముదురు చూసే లెక్క కడతారు. సుగర్ పరీక్ష మాత్రం ఆయనది కాదు. ఆ గొప్ప ఆయనకు అంటగట్టనక్కర్లేదు, ఆయనవి ఆయనకు చాలినన్ని ఉన్నాయి. మనం తిన్న చక్కెర చివరికి శక్తిగా మారి నిలిచే ఏటీపీ అనే పదార్థాన్ని కండరాల్లో గుర్తించినవారిలో ఆయన ఒకరు.

ఆ రోజుల్లో పరీక్షకు సిరంజితో రక్తం తీయాలి, ప్రయోగశాల ఉండాలి. మన ఊళ్ళలాంటి చోట అది అయ్యే పని కాదు. మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో కలిపి కాచి చూసేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగితే చాలా ఉంది. మన పెద్దల్లో కొందరికి ఆ స్పిరిట్ దీపం, ఆ గాజు గొట్టం గుర్తుండే ఉంటాయి. చిక్కేమిటంటే, మామూలుగా రక్తంలో చక్కెర 180 దాటాకే మూత్రంలోకి దిగుతుంది. పడిపోయినప్పుడు ఆ పరీక్ష ఏమీ చెప్పదు. 1922లో ఇన్సులిన్ వాడుకలోకి వచ్చాక పడిపోవడమే పెద్ద భయమయింది. మద్రాసు స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టర్ ఎం. విశ్వనాథన్ 1948లో మధుమేహానికి ప్రత్యేక క్లినిక్ తెరిచారు. అప్పటికి మన ధర్మపురి ఇంకా సేలం జిల్లాలోనే ఉంది. ఇక్కణ్ణుంచి మద్రాసు ప్రయాణం ఎంతదో మీకు చెప్పాలా!

1965లో డెక్స్‌ట్రోస్టిక్స్ అనే కాగితం పట్టీ వచ్చింది. రక్తపు చుక్క వేసి, కడిగి, రంగు చూడడమే. కంటికి బదులు ఆ రంగును చదివే మీటరు 1970 ప్రాంతంలో వచ్చింది. కిలోకు పైగా బరువు. దాన్ని డాక్టర్లకే అమ్మేవారు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు చిన్ననాటి నుంచి మధుమేహ రోగి. భార్య డాక్టరు కావడంతో ఆమె పేరు మీద ఒకటి తెప్పించుకుని, రోజుకు నాలుగైదు సార్లు తన రక్తం తనే చూసుకున్నాడు. రోగి ఇంట్లో సొంతంగా చూసుకోవచ్చని వాదిస్తే వైద్యులు వినలేదు. చివరికి నలభై దాటిన వయసులో తనే వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యాడు. ఈ కథలో మాకు బాగా నచ్చిన మనిషి ఇతనే.

ఇంకో దారి 1962లోనే మొదలైంది. లీలండ్ క్లార్క్ రంగును వదిలేసి విద్యుత్తును పట్టుకున్నాడు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చక్కెరతో కలిసినప్పుడు జరిగే మార్పును ఎలక్ట్రోడ్‌తో కొలవొచ్చన్నాడు. ఇవాళ మన ఇళ్ళలోని మీటర్లు చాలావరకు ఆ దారివే. చేతికి అంటించుకుని రెండు వారాలు ఉంచుకునే సెన్సర్లూ అంతే. వాటిలో చర్మం కిందికి దిగే సన్నని తీగ సుమారు అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది.

సూక్ష్మసూదుల ప్యాచ్ తయారుచేసేవాళ్ళ ప్రశ్న ఇక్కడే పుట్టింది. అయిదు మిల్లీమీటర్లు ఎందుకు?

మన చర్మం పైపొర, అంటే చచ్చిన కణాల పొర, మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. దాని కింద సజీవమైన పొర, ఆ కింద రక్తనాళాలు, నొప్పి తెలిపే నరాలు ఎక్కువగా ఉండే పొర. కణాల మధ్య ఊరే ద్రవంలో కూడా చక్కెర ఉంటుంది. రక్తం దాకా వెళ్ళకుండా ఆ ద్రవాన్ని అందుకుంటే చాలు. చిన్న సూదుల గుంపుతో చర్మం పైపొరను దాటే ఆలోచనకు గెర్‌స్టెల్, ప్లేస్ అనే ఇద్దరికి 1976లో పేటెంటు వచ్చింది, అదీ మందు లోపలికి పంపడానికి. అంత చిన్న సూదులు చేసే పనిముట్లు అప్పటికి లేవు. కంప్యూటర్ చిప్పులు చెక్కే విద్య ముదిరాక, 1998లో జార్జియా టెక్‌లో మార్క్ ప్రాస్‌నిట్జ్ బృందం సిలికాన్‌తో సూదులు చెక్కింది. పొడవు 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం.

మరి ఎంత పొడవుంటే నొప్పి? అదే బృందం 2008లో మనుషుల మీద పరీక్షించి చెప్పింది. పొడవు 480 మైక్రాన్ల నుంచి 1450కి పెంచితే నొప్పి ఏడు రెట్లయింది. సూదుల సంఖ్య పదింతలు చేస్తే నొప్పి రెండింతలు దాటిందంతే. కాబట్టి ఒక పొడుగు సూది కంటే చాలా పొట్టి సూదులు మేలు.

అయితే పొట్టి సూదికి వేరే కష్టాలున్నాయి. చర్మం సాగుతుంది. సూది దిగకుండా పక్కకు నొక్కుకుపోతుంది. సిలికాన్ పెళుసు, విరిగి లోపల ఉండిపోతే చిక్కు. మెత్తని ప్లాస్టిక్ అయితే వంగుతుంది. సూదిమొన మీద పూసే ఎంజైమ్ ప్రాణమున్నదానిలా సున్నితం. క్రిములు చావాలని వేడి చేస్తే అదీ చెడుతుంది. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కొన్ని పాత సెన్సర్లలో చక్కెర ఎక్కువున్నట్టు చూపించేది. కణాల మధ్య ద్రవం రక్తం కంటే అయిదు పది నిమిషాలు వెనకబడి నడుస్తుంది కూడా. సుగర్ జారుతున్నవాడికి ఆ పది నిమిషాలు తక్కువ కాదు. వీటికి తోడు మన ఎండ, మన చెమట. పొద్దున్నుంచి టమాటా తోటలో వంగి కోసేవారి చేతి మీద అయిదు రోజులు ఊడకుండా నిలిచే జిగురు కావాలి. అది తయారుచేసేవారు మన పాలక్కోడు పొలాలు చూసి ఉంటారని మేం అనుకోం.

2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో జోసెఫ్ వాంగ్ బృందం అయిదుగురు మనుషులకు ఇలాంటి ప్యాచ్ కట్టి, చక్కెరతో పాటు మద్యం లేదా లాక్టేటు కూడా కొలిచి చూపింది. అయిదుగురే, గమనించండి. 2025 సెప్టెంబరులో బయోలింక్ అనే కంపెనీ ముంజేతి ప్యాచ్‌కు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పేపర్లలో పెద్ద అక్షరాల్లో వస్తుంది కానీ, ఇన్సులిన్ వేసుకోనివారికి మాత్రమే ఆ అనుమతి. గడియారం కొన్నవారు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. నిజంగా చర్మంలోకి దిగి కొలిచే దానికే అంత హద్దు గీశారు.

మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైమాటేనని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. ఇంటికే వచ్చి బీపీ, సుగర్ చూసే తమిళనాడు ప్రభుత్వ పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన పక్కనే, కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. 2004 దాకా అదీ మన ధర్మపురి జిల్లాయే. ఆ పథకం కింద వచ్చే అమ్మాయి సంచిలో ఉండేది మీటరు, స్ట్రిప్పులు, లాన్సెట్టు. కాయకష్టంతో కాయలు కాచిన వేళ్ళకు ఆ లాన్సెట్టు ఒక్కోసారి రెండు మూడు మార్లు గుచ్చాల్సి వస్తుంది. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చమని అడగండి, నొప్పి తక్కువ. గడియారం అంకె మీద అనుమానం ఉన్నవారు ఆమె వచ్చిన రోజే రెండూ పక్కపక్కన పెట్టి, వచ్చిన అంకెలు కింద రాయండి.