జీపు మీద ఉండాల్సిన రెండో పేరు

మహీంద్రా జీపు ఎరగని మనిషి మా ఉద్దానంలో లేడు. సర్వీసు జీపులో ఇరుక్కుని కంచిలి నుంచి కవిటి వైపు, సోంపేట వైపు తిరిగినవాళ్లమే అందరం. కొబ్బరికాయలు, జీడిపిక్కల బస్తాలు, పెళ్లికూతురు, జ్వరం మనిషి, అందరికీ అదే సవారీ. కానీ ఆ కంపెనీ బోర్డు మీద మొదట ఒక మహమ్మద్ ఉండేవాడని చెబితే మా వాళ్లే నమ్మరు. "ఊరుకోండి భాయ్, మీరన్నీ మనవాళ్లకే కలిపేస్తారు" అని నవ్వుతారు.

నేను కలిపింది కాదు, తారీఖ్‌లో ఉన్నదే. 1945 అక్టోబరు 2న ఆ కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. జగదీశ్ చంద్ర, కైలాశ్ చంద్ర అనే ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల హిస్సాదారు మాలిక్ గులాం మహమ్మద్. కారోబార్ మొదట ఉక్కుది. గులాం మహమ్మద్ సాహెబ్ లాహోర్ మనిషి, అలీగఢ్‌లో చదివాడు, లెక్కల్లో ఘనుడు. 1940ల్లో మన హైదరాబాద్‌లో నిజాం సర్కారుకి ఆర్థిక మంత్రిగా కొలువు చేశాడు. అంటే తెలుగు నేల నీళ్లు తాగినవాడే.

1947లో బంటవారా వచ్చింది. ఆయన కరాచీ వెళ్లి పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. ఎం అండ్ ఎం అని కాగితాలు ముందే అచ్చయి ఉన్నాయి కనుక అక్షరాలు చెడకుండా అలా మార్చారని చెప్పుకుంటారు. అమెరికా విల్లీస్ జీపుల్ని తెప్పించి, బొంబాయిలో భాగాలు బిగించి అమ్మడంతో ఆ ఖాన్‌దాన్ నసీబ్ తిరిగింది. మహమ్మద్ పేరు ఆ జీపుల దగ్గర లేదు.

ఇక్కడ ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. మహీంద్రాలు ఆయన్ని గెంటేయలేదు, ఆయనే వెళ్లాడు. వెళ్లి గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు, 1954లో అక్కడి రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. ఆ పనికి నా దగ్గర సలాం లేదు. 1955 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర పరేడ్‌కి ముఖ్య అతిథిగా వచ్చింది కూడా ఈయనే. కంపెనీలో వాటా వదిలిన మనిషి, విడిచిపోయిన వతన్‌కి మెహమాన్‌గా వచ్చి కూర్చున్నాడన్నమాట.

నాకు అంతకంటే ఎక్కువ గుచ్చుకునేది ఆల్విన్ సంగతి. ఆల్విన్ అంటే ఇంగ్లీషు దొర పేరనుకుంటాం కదా? కాదు, అది అల్లాదీన్. 1942లో నిజాం సర్కారు పారిశ్రామిక నిధి, సికింద్రాబాద్ అల్లాదీన్ ఖాన్‌దాన్ కంపెనీ కలిసి పెట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్ అది. బస్సు బాడీలు కట్టారు, తర్వాత ఫ్రిజ్‌లు, గడియారాలు చేశారు. హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ ఉంది, ఆల్విన్ చౌరస్తా ఉంది. ఆ పేరులో అల్లాదీన్ ఎక్కడున్నాడో అక్కడి ఆటోవాలాని అడిగి చూడండి! మన ఆర్టీసీ బస్సు నంబరులో ఉండే జెడ్ అక్షరం కూడా నిజాం అమ్మీజాన్ జహ్రా బేగం పేరులోదని అంటారు. కంచిలి హైవే మీద రోజూ మన ముందు నుంచే పోతుంది, చూసేవాడు ఏడీ?

1980ల్లో ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. 1989లో ఆ కంపెనీని మహీంద్రా తీసుకుంది. అలా మహమ్మద్ పేరు తీసేసిన కంపెనీ, అల్లాదీన్ పేరు కరిగిపోయిన కంపెనీ, మన తెలుగు నేల మీదే ఒక కప్పు కిందికి వచ్చాయి. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు కూడా చేస్తున్నారు.

మరి బంటవారాలో ఎక్కడికీ పోని మనవాళ్లు? చికాకోల్‌లో జామియా మసీదు 1641 నాటిది, అంటే ఈ జిల్లాలో మనం నిన్న మొన్న దిగినవాళ్లం కాదు. పంచుకోవడానికి వాటాలు లేనివాళ్లు ఇక్కడే ఉండిపోయారు. షోరూములు మనవి కాలేదు. మా మామూ లాంటివాళ్లకి దొరికింది రోడ్డు పక్క షెడ్డు, పానాల పెట్టె, ఒక షాగిర్ద్. షోరూమువాడు బండి అమ్మి రసీదు ఇస్తాడు. ఉద్దానం ఇసకలోనూ ఉప్పుగాలిలోనూ తుప్పెక్కిన ఛాసిస్‌కి అతుకు వేసి ఇంకో పదేళ్లు నడిపించేది మిస్త్రీ. ఆయన పేరు ఏ బోర్డు మీదా ఎక్కలేదు, కానీ బండి ఆగితే జనం మొదట తలుచుకునేది ఆ పేరే.

మొన్న ఇదంతా షెడ్డులో కుర్రాడికి చెప్పాను. తల ఎత్తకుండా విని, "ఆ మహమ్మద్ సాబ్ ఉండిపోయుంటే స్పేర్ పార్ట్‌లు చవగ్గా వచ్చేవంటారా భాయ్?" అని అడిగాడు. నట్టు బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుని, ఇంకో జీపు కిందికి దూరాడు.