అండమాన్‌లో మోషన్ సిమ్యులేటర్ రిగ్: మోటారును అనుమానించే ముందు ఎర్తింగ్ చూడండి

రేసింగ్ గేమ్‌లో బ్రేకు తొక్కితే కుర్చీ ముందుకు వంగుతుంది. విమానం రన్‌వేని తాకగానే సీటు కింద ఓ కుదుపు వస్తుంది. స్క్రీన్ మీద జరిగేదాన్ని ఒంటికి తెలిసేలా చేసే ఈ యంత్రమే మోషన్ సిమ్యులేటర్ రిగ్. ఒకప్పుడు పైలట్ శిక్షణ కేంద్రాల్లోనే ఉండే ఈ సరంజామా ఇప్పుడు ఇళ్లలోకి వచ్చింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అయితే పాడైన భాగానికి బదులు మరొకటి నాలుగు రోజుల్లో తెప్పించుకోవచ్చు. చెన్నై, విశాఖ తీరాలకు దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్‌లో అలా కుదరదు. బరువైన సరుకు ఓడలోనే రావాలి. మెకానిక్ రాడు. కాబట్టి అక్కడ రిగ్ పెట్టుకోవడమంటే దాన్ని బాగుచేసుకోవడం కూడా నేర్చుకోవడమే.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే ఇక్కడ చెప్పేవన్నీ దీవులకే పరిమితం కావు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లోనూ ఇవే ఇబ్బందులు కొంచెం తక్కువ మోతాదులో ఎదురవుతాయి.

శరీరాన్ని నమ్మించే విద్య

అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్ 1929లో తొలి ఫ్లైట్ ట్రైనర్ తయారుచేశారు. ఆయన తండ్రిది ఆర్గాన్లు, పియానోలు చేసే కర్మాగారం. ఆర్గాన్‌లోకి గాలి ఊదే తిత్తులనే ట్రైనర్ కింద పెట్టి, దాన్ని అటూ ఇటూ వంచారు. 1954లో డన్‌లప్ కంపెనీ ఇంజినీరు ఎరిక్ గాఫ్ టైర్లను పరీక్షించేందుకు ఆరు కాళ్ల వేదికను కట్టారు. అలాంటి వేదికను ఫ్లైట్ సిమ్యులేటర్‌కు వాడొచ్చని 1965లో డి. స్టీవర్ట్ తన పత్రంలో ప్రతిపాదించారు. నేడు ఎయిర్‌లైన్ పైలట్లు శిక్షణ పొందే పెద్ద సిమ్యులేటర్లన్నీ ఆ ఆరు కాళ్ల మీదే నిలబడుతున్నాయి.

కాళ్లు ఎన్నున్నా గదిలోని యంత్రం నిజంగా వంద కిలోమీటర్ల వేగంతో ముందుకు పోలేదు కదా. అందుకని చిన్న మోసం చేస్తుంది. కారు వేగం పుంజుకున్నప్పుడు కుర్చీని వెనక్కి వంచుతుంది. గురుత్వాకర్షణ వీపును సీటుకేసి అదుముతుంది, కళ్లెదుట రోడ్డు దూసుకొస్తుంది, మెదడు ఆ ఒత్తిడిని వేగంగా లెక్కవేసుకుంటుంది. 10 డిగ్రీల వంపుతో వచ్చే ఒత్తిడి గురుత్వాకర్షణలో 17 శాతమే. అది చాలు. వంపు మాత్రం నెమ్మదిగా, సెకనుకు సుమారు 3 డిగ్రీలు మించకుండా రావాలి. అంతకన్నా వేగంగా వంగితే లోపలి చెవి ఆ తిరుగుడును పసిగట్టేస్తుంది.

విమానం వేరు. సరిగ్గా మలుపు తిరిగే విమానంలో కూర్చున్నవారికి పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపించదు, బరువు పెరిగినట్టు మాత్రమే అనిపిస్తుంది. కాబట్టి మలుపు మొదట్లో చిన్నగా వంగి, ఆ తర్వాత తెలియకుండా మధ్యకు తిరిగి వచ్చేలా సెట్టింగ్ ఉండాలి. కొత్తగా పెట్టుకున్నవారిలో చాలామంది స్క్రీన్ మీద విమానం వంగినంత సేపూ కుర్చీని వంచి ఉంచుతారు. చూడ్డానికి బాగుంటుంది కానీ, ఒంటికి తెలిసేది అబద్ధం.

ఏ రకం కొనాలి

ఇళ్లలో కనిపించేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, గేర్‌బాక్స్ ఉన్న డీసీ మోటార్లతో సీటును వంచేది. కారు వైపర్ మోటార్లు, ఆర్డ్యునో బోర్డుతో సొంతంగా చేసుకునేవారు కూడా ఉన్నారు. రెండోది, ఫ్రేమ్ నాలుగు మూలలా బాల్ స్క్రూ యాక్చుయేటర్లు పెట్టి మొత్తాన్ని లేపేది. ఎస్‌ఎఫ్‌ఎక్స్-100 అనే ఓపెన్ సోర్స్ డిజైన్ దీనికి మంచి ఉదాహరణ. నాలుగు ఏసీ సర్వో మోటార్లతో పైకీ కిందికీ కదలిక, ముందు వెనుకల వంపు, పక్కల వంపు, ఇలా మూడు కదలికలు ఇస్తుంది.

దీవుల్లో ఉండేవారికి నా సలహా ఒకటే: విడిభాగాలను పేరు పెట్టి విడిగా కొనగలిగిన రిగ్‌నే ఎంచుకోండి. మోటారు, డ్రైవ్, బాల్ స్క్రూ, కప్లర్ ఏ మోడలో తెలిస్తే ఎక్కడి నుంచైనా తెప్పించవచ్చు. మూసిన డబ్బాలా వచ్చే రెడీమేడ్ రిగ్ పాడైతే డబ్బా మొత్తాన్ని ఓడెక్కించాల్సి వస్తుంది. రిగ్‌తో పాటే ఓ డ్రైవ్, రెండు కప్లర్లు, ఫ్యూజులు, షీల్డ్ ఉన్న యూఎస్‌బీ కేబుళ్లు అదనంగా తెప్పించుకోవడం మేలు.

కరెంటు: అసలు కథ ఇక్కడే

అండమాన్‌కు దేశపు ప్రధాన గ్రిడ్‌తో కనెక్షన్ లేదు. ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ దగ్గర 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, కొంత సౌర విద్యుత్ ఉన్నా భారమంతా డీజిల్ జనరేటర్లదే. చిన్న గ్రిడ్‌లో లోడు మారితే ఓల్టేజీ ఊగడం సహజం. ఆ ఊగిసలాట ఫ్యాన్‌కు పెద్దగా పట్టదు, సర్వో డ్రైవ్‌కు పడుతుంది.

డ్రైవ్ 230 ఓల్టుల ఏసీని లోపల సుమారు 325 ఓల్టుల డీసీగా మార్చుకుంటుంది. రిగ్ బరువుతో వేగంగా కిందికి దిగినప్పుడు మోటారే జనరేటరై కరెంటును వెనక్కి పంపుతుంది, ఆ డీసీ ఇంకా పెరుగుతుంది. ఇంటికి వచ్చేదే 250 ఓల్టులైతే డీసీ 353 నుంచి మొదలవుతుంది. ఓ పెద్ద కుదుపు రాగానే డ్రైవ్ ఓవర్ ఓల్టేజ్ అలారం చూపి ఆగిపోతుంది. ఇది మోటారు లోపం కాదు. డ్రైవ్‌కు తగిన బ్రేక్ రెసిస్టర్, సరైన సామర్థ్యం ఉన్న స్టెబిలైజర్ పెడితే తగ్గుతుంది. 750 వాట్ల మోటార్లు నాలుగంటే 3 కిలోవాట్లు, అంటే 13 ఆంపియర్లు. సగటు వాడకం ఇంతకు చాలా తక్కువే అయినా వైరింగ్‌ను మాత్రం పూర్తి లోడుకే లెక్కవేసి 16 ఆంపియర్ల విడి లైను వేయించాలి. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు నడిపే ఇన్వర్టర్ మీద దీన్ని నడపకూడదు.

ఇక ఎర్తింగ్. ప్రతి డ్రైవ్‌లోనూ, కంప్యూటర్ పవర్ సప్లైలోనూ విద్యుత్ నాయిస్‌ను భూమిలోకి పంపే ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు సరిగా లేకపోతే ఆ కరెంటుకు దారి దొరకదు, అల్యూమినియం ఫ్రేమ్ మొత్తం 110 ఓల్టుల చుట్టూ తేలుతుంది. చేయి తగిలితే జిల్లుమంటుంది. చాలామంది దీన్ని ‘మామూలే’ అని వదిలేస్తారు. చెమట పట్టిన ఒళ్లు, ఒట్టి కాళ్లు, వానాకాలపు తడి నేల ఉన్న ఇంట్లో అది మామూలు కాదు. డ్రైవ్ లోపల ఇన్సులేషన్ ఒక్కసారి దెబ్బతింటే ఆ జిల్లు ప్రాణం మీదికి వస్తుంది.

మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య ఓల్టేజీ చూడండి. రెండు మూడు ఓల్టులు దాటితే అనుమానించాలి. తక్కువ చూపించినా నిశ్చింతగా ఉండకండి. మీటర్ లాగే కరెంటు అతి స్వల్పం కాబట్టి తుప్పు పట్టిన ఎర్తు తీగ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించడమే సరైన పద్ధతి. ఉప్పు తేమలో ఎర్తు రాడ్ దగ్గరి క్లాంపులు త్వరగా చిలుము పడతాయి, ఏటా వానలకు ముందు వాటిని చూడాలి.

ఎర్తు బాగుండి కూడా ఆర్‌సీసీబీ పడిపోతుంటే మరో కారణం ఉంది. నాలుగు డ్రైవ్‌ల ఫిల్టర్ల నుంచి ఎర్తులోకి పోయే కొద్దికొద్ది కరెంటు కలిసి పెరుగుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటితేనే పడిపోవచ్చు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్న లైను నుంచి రిగ్‌ను వేరుచేసి, దానికి విడిగా ఆర్‌సీసీబీ పెట్టించండి. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో ముందే ఆలోచించాలి. బాల్ స్క్రూ తనంతట తాను లాక్ కాదు, కరెంటు పోగానే రిగ్ బరువుకు కిందికి దిగుతుంది. వైపర్ మోటారులో ఉండే వర్మ్ గేర్ చాలావరకు ఉన్నచోటే పట్టి ఉంచుతుంది. కరెంటు తిరిగి రాగానే రిగ్ ఒక్కసారిగా ఎగరకుండా బోరు మోటారు స్టార్టర్ లాంటి కాంటాక్టర్ పెట్టుకోండి. పచ్చ బటన్ నొక్కితేనే కరెంటు వెళ్లాలి. పల్లెల్లో కరెంటు రాగానే మోటారు ఆన్ కావాలని ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకుంటారు, ఇక్కడ సరిగ్గా అదే వద్దు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను ఆ కాంటాక్టర్ కాయిల్ వైర్‌లోనే కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉండే స్టాప్ బటన్, కంప్యూటర్ హ్యాంగ్ అయితే ఎందుకూ పనికిరాదు.

ఉప్పుగాలి, చెక్క నేల

బాల్ స్క్రూ ఉక్కుది. నెల రోజులు కదలకుండా ఉంటే గ్రీజు లేనిచోట తుప్పు చుక్కలు వస్తాయి, ఆ తర్వాత గరగరమనే శబ్దం. ఆడకపోయినా వారానికోసారి రిగ్‌ను పై నుంచి కింది దాకా నడిపిస్తే గ్రీజు అంతటా పరుచుకుంటుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు తుప్పు పట్టవు, కానీ ఉప్పు తేమలో అవి తగిలిన చోట అల్యూమినియాన్ని తినేస్తాయి. బిగించే ముందు మరలకు పల్చగా గ్రీజు పూయాలి. కంట్రోలర్ బోర్డు ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి. ఏసీతో చల్లబడ్డ గది తలుపులు తీయగానే బయటి తేమ బోర్డుల మీద నీరుగా పేరుకుంటుంది. అలాంటప్పుడు అరగంట ఆగి ఆన్ చేయడం మంచిది.

పాత చెక్క ఇళ్లలో పై అంతస్తు రిగ్‌కు పనికిరాదు. మనిషితో కలిపి 150 కిలోలు దాటే బరువు సెకనుకు పలుమార్లు ఎగిరిపడుతుంటే నేల కూడా దానితో ఊగుతుంది, ఆ ఊపు రిగ్‌కే తిరిగొస్తుంది. కింది అంతస్తులో సిమెంటు నేల మీద, కాళ్ల కింద రబ్బరు పలకలతో పెట్టండి. ఈ దీవులు అత్యధిక భూకంప ప్రమాద ప్రాంతంలో ఉన్నాయి. విడి స్టాండు మీద ఉన్న మానిటర్లను గోడకు కట్టడం మరవొద్దు.

కదలకపోతే ఎక్కడ వెతకాలి

సమాచారం ఓ వరుసలో నడుస్తుంది. గేమ్ తన టెలిమెట్రీని, అంటే వేగం, వంపు, కుదుపుల అంకెలను బయటకు పంపుతుంది. సిమ్‌టూల్స్, సిమ్‌హబ్, ఫ్లైపీటీ మూవర్ వంటి సాఫ్ట్‌వేర్ వాటిని కదలికలుగా మారుస్తుంది. కంట్రోలర్ బోర్డు వాటిని డ్రైవ్‌కు, డ్రైవ్ మోటారుకు అందిస్తుంది. లోపాన్ని కూడా ఈ వరుసలోనే వెతకాలి. ముందే స్పానర్ పట్టుకోవడం తొందరపాటు.

సాఫ్ట్‌వేర్‌లో అంకెలు కదలకపోతే గేమ్ నుంచి టెలిమెట్రీ రావట్లేదని అర్థం. ఎఫ్1 గేమ్‌లు మామూలుగా 20777 యూడీపీ పోర్టులో పంపుతాయి. అదే పోర్టును మరో ప్రోగ్రామ్ పట్టుకుని ఉన్నా, విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకున్నా ఇటు ఏమీ రాదు. డర్ట్ ర్యాలీ 2.0లో సెట్టింగ్స్ ఫైల్ తెరిచి యూడీపీని మనమే ఆన్ చేయాలి. గేమ్ అప్‌డేట్ అయిన మర్నాడే రిగ్ ఆగిపోతే చాలాసార్లు ప్లగిన్‌ను కూడా అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. ఇదంతా కంప్యూటర్ లోపలే జరుగుతుంది కాబట్టి ఇంటర్నెట్ వేగంతో పనిలేదు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ వల్ల ఫ్లైట్ సిమ్యులేటర్ దృశ్యాలు, ఆన్‌లైన్ రేసులు అందుబాటులోకి వచ్చాయి కానీ, కుర్చీ కదలడానికి దానితో సంబంధం లేదు.

అంకెలు కదులుతూ రిగ్ కదలకపోతే కంట్రోలర్ పోర్టు, ఎమర్జెన్సీ బటన్, డ్రైవ్ అలారం ఈ క్రమంలో చూడండి. ఆట మధ్యలో స్టీరింగో పెడల్సో యూఎస్‌బీ నుంచి ఊడిపోతున్నట్టు విండోస్ టింగుమంటుంటే అది నాయిస్ సమస్య. మోటారు వైర్లు, యూఎస్‌బీ వైర్లు ఒకే కట్టలో ఉంటే విడదీయండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. మోటారు కేబుల్ షీల్డును డ్రైవ్ దగ్గర ఎర్తుకు కలపండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు మించకూడదు. ఇవన్నీ చేసినా పోకపోతే, మళ్లీ ఎర్తు దగ్గరికే రావాలి.

కదలకుండా ఉన్నప్పుడు కుర్చీ సన్నగా వణుకుతుంటే, డీసీ మోటారు రిగ్‌లలో పొజిషన్ చెప్పే పొటెన్షియోమీటర్ తేమకు పాడై ఉండొచ్చు. కాంటాక్ట్ క్లీనర్ తాత్కాలికం, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్‌కు మారడం మెరుగు. ఒక్క మూలే వెనుకబడుతుంటే కప్లర్ స్క్రూ వదులై జారుతోందేమో మార్కర్‌తో గీత పెట్టి చూడండి. డ్రైవ్‌ను విప్పాల్సి వస్తే కరెంటు తీశాక కూడా ఛార్జ్ లైటు ఆరేదాకా ఆగాలి. లోపలి కెపాసిటర్లు కొన్ని నిమిషాలు ఓల్టేజీని పట్టి ఉంచుతాయి.

మొదటి ప్రయాణం

సాఫ్ట్‌వేర్‌లో తీవ్రతను 30 శాతం దగ్గర మొదలుపెట్టండి. బ్రేకు తొక్కితే ముందుకు, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి, ఎడమ మలుపులో కుడికి వంగుతోందా చూసుకోండి. తేడా ఉంటే ఆ దిశను తిరగేయండి. కుదుపులు గరుకుగా ఉన్నాయని స్మూతింగ్ పెంచితే ఆలస్యం పెరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. వీఆర్ హెడ్‌సెట్ వాడేవారు మోషన్ కాంపెన్సేషన్ ఆన్ చేయాలి. లేదంటే రిగ్ కదలికను తల కదలికగా లెక్కవేసి, స్క్రీన్ మీది ప్రపంచం కూడా ఊగుతుంది.

ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్నవారికి పరీక్షించుకోవడానికి సొంత ఊరి రన్‌వే ఉండనే ఉంది. శ్రీ విజయపురం (2024 సెప్టెంబర్ వరకు పోర్ట్ బ్లెయిర్) వీర సావర్కర్ విమానాశ్రయంలో రన్‌వేకి ఒకవైపు గుట్టలు ఉండటంతో విమానాలు సాధారణంగా ఒక చివర నుంచే దిగి, తిరిగి అటువైపే ఎగురుతాయి. గాలి కుదుపులు ఆన్ చేసి అక్కడ దిగి చూడండి. రన్‌వేని తాకిన కుదుపు చిత్రంతో పాటే వస్తే సెట్టింగ్ కుదిరినట్టే. ముందో వెనుకో వస్తే స్మూతింగ్‌ను ఇంకాస్త తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. ఆడుతున్నంత సేపూ పిల్లలను, పెంపుడు జంతువులను గదిలోకి రానివ్వకండి. ఆట ముగిశాక రిగ్‌ను పూర్తిగా కిందికి దించి, ఎర్ర బటన్ నొక్కాకే కుర్చీ దిగండి.