ఇసుర్రాయి పిడి నుండి క్రాంక్‌షాఫ్ట్ వరకు: రాయలసీమ రైలు మార్గంలో అశ్వశక్తి చరిత్ర

ఉపోద్ఘాతం:
రాయలసీమ రైల్వే చరిత్రను మార్గాలు, స్టేషన్లు, ఇంజిన్ల అశ్వశక్తి ఆధారంగా వివరించడం పరిపాటి. ఆ శక్తిని మోసిన ఉక్కు భాగానికి అందులో దక్కిన చోటు స్వల్పం. పాకాల - ధర్మవరం మార్గంలోని కురబలకోట నేపథ్యంగా క్రాంక్‌షాఫ్ట్ పాత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

క్రాంకు సూత్రం:
రాగిసంగటి తినే మదనపల్లె ప్రాంతానికి ఈ సూత్రం కొత్తది కాదు. ఇసుర్రాయి పిడి పైరాతి నడుమ కాక అంచు దగ్గర ఉంటుంది. చేయి ముందుకూ వెనక్కూ ఆడితే రాయి గుండ్రంగా తిరుగుతుంది. 1890ల ఆరంభంలో మీటర్ గేజ్‌గా వెలసిన ఈ మార్గంలో నడిచిన ఆవిరి ఇంజిన్లలో చక్రానికి బిగించిన పిన్నే ఆ పిడి. డీజిల్ ఇంజిన్‌లో అనేక పిడులు ఒకే ఇరుసుపై చేరాయి. అదే క్రాంక్‌షాఫ్ట్.

పెరిగిన శక్తి, పెరిగిన భారం:
ఈ మార్గం 2010 ప్రాంతంలో బ్రాడ్ గేజ్‌గా మారడంతో పెద్ద డీజిల్ ఇంజిన్లకు దారి ఏర్పడింది. ధర్మవరానికి ఉత్తరాన ఉన్న గుత్తి డీజిల్ షెడ్డు అటువంటి ఇంజిన్లకు నెలవు. 1960లలో వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-2లోని 16 సిలిండర్ల ఆల్కో ఇంజిన్ శక్తి 2600 అశ్వశక్తులు. అదే ఇంజిన్‌ను మెరుగుపరచి డబ్ల్యు.డి.ఎం.-3ఎ రకంలో 3100కు పెంచారు. సిలిండర్ల సంఖ్య, పరిమాణం మారలేదు. వాటిలోకి వెళ్లే గాలి, ఇంధనం పెరిగాయి. సుమారు 19 శాతం అదనపు శక్తి క్రాంక్‌పిన్నులపైనే పడింది. నిమిషానికి 1000 చుట్ల వేగంలో ఒక్కొక్క పిన్ను రెండు సిలిండర్ల నుండి నిమిషానికి 1000 పోట్లు భరిస్తుంది.

మూలను మలిచే పని:
ఒక్క దెబ్బకు విరగని ఇరుసు, అంతకంటే చిన్న దెబ్బలు పదేపదే తగిలితే విరుగుతుందని జర్మన్ ఇంజనీరు అగస్ట్ వోలర్ 19వ శతాబ్ది మధ్యకాలంలో రైలు ఇరుసులపై ప్రయోగాలతో నిరూపించాడు. పగులు సాధారణంగా పదునైన మూలలోనే పుడుతుంది. అందువల్ల సాగగొట్టిన ఉక్కును లేత్‌పై మలిచేటప్పుడు పిన్ను, దాని పక్కభాగం కలిసేచోట నున్నని వంపు తీస్తారు. నూనె రంధ్రాల అంచులను గుండ్రపరుస్తారు. పై పొరను గట్టిపరచి సానబడతారు. అరిగిన పిన్నును మళ్లీ సానబట్టి మందమైన బేరింగు వేయవచ్చు. కానీ గట్టిపడిన పొర తొలగిపోతే ఆ ఇరుసు పాత బలంతో ఉండదు.

ముగింపు:
పత్రాలలో 2600, 3100 అంకెలు నిలుస్తాయి. ఆ అంకెలను సాధ్యం చేసినది మిల్లీమీటరులో వందోవంతు తేడాను గుర్తించే కార్మికుని చేయి. విద్యుదీకరణతో డీజిల్ ఇంజిన్లు వెనుదిరుగుతున్న నేడు ఆ పనితనం, దాని పలుకుబడి కూడా కనుమరుగయ్యే స్థితిలో ఉన్నాయి. షెడ్డు కార్మికుల మౌఖిక కథనాలను, వృత్తిపదాలను సేకరించకుండా రాసే రైల్వే చరిత్ర పిడి లేని ఇసుర్రాయి వంటిదే.