అట్ట కోసే చేయి, మాట చెప్పే నోరు

స్టెన్సిల్ అనగానే ఇవాళ చాలామందికి పారిస్ గోడల మీది ఎలుకలు గుర్తొస్తాయి. బ్లెక్ లె రా అనే చిత్రకారుడు 1981లో వాటిని అక్కడ అచ్చువేయటం మొదలుపెట్టాడు. వీధి చిత్రకళ మీద వచ్చే వ్యాసాలు తరచు అక్కణ్ణుంచే చరిత్ర చెబుతాయి. ఒక కళాకారుడు, ఒక రాత్రి, ఒక రంగు డబ్బా. ఈ కథలో అబద్ధమేమీ లేదు. కాని గోడకు చెయ్యి ఆనించి చుట్టూ రంగు ఊదిన గుహల కాలం నుంచి ఉన్న ఈ పద్ధతి, ఇరవయ్యో శతాబ్దంలో ఒంటరి సాహసంగా కాక సమష్టి శ్రమగా వీధికెక్కిందన్న సంగతి ఈ కథలో జారిపోతుంది. దాన్ని ఒకరు నేర్పారు, ఇంకొకరు నేర్చుకున్నారు అన్న సంగతీ జారిపోతుంది. బళ్ళో పిల్లలకు డ్రాయింగ్ చెప్పేవాణ్ణి గనక నాకు ఈ రెండోదాని మీద పట్టింపు ఎక్కువ.

మయకోవ్‌స్కీ మనకు కవిగానే పరిచయం. ఆయన అట్టముక్కలతో చేసిన పని గురించి తక్కువగా మాట్లాడుకున్నాం. 1919 నాటికి రష్యాలో అంతర్యుద్ధం నడుస్తోంది. కాగితం కరువు, అచ్చుయంత్రాలు మూలపడ్డాయి, దుకాణాల్లో సరుకు లేదు. ఆ ఏడాది శరత్తులో మిఖాయిల్ చెరెమ్నీఖ్ అనే చిత్రకారుడు రష్యన్ టెలిగ్రాఫ్ ఏజెన్సీ కోసం చేత్తో గీసిన పెద్ద పోస్టరును మాస్కోలో ఒక ఖాళీ దుకాణం కిటికీలో పెట్టాడు. ఏజెన్సీ పొట్టిపేరు ‘రోస్తా’ కనుక ఇవి ‘రోస్తా కిటికీలు’ అయినాయి. వాటిని చూసి మయకోవ్‌స్కీ వచ్చి చేరాడు. 1922 మొదట్లో ఆ పని ఆగిపోయేదాకా అందులోనే ఉన్నాడు. పోస్టర్ల కింది మాటల్లో ఎక్కువ భాగం ఆయన రాసినవే, బొమ్మలూ అనేకం ఆయనవే.

పని ఎట్లా జరిగేదో చూడండి. తంతి వార్త వస్తుంది. దాన్ని కవి నాలుగైదు చిన్న పాదాలుగా మారుస్తాడు. పాదానికో బొమ్మ పడుతుంది. ఆ బొమ్మను బట్టి రంగుకో అట్ట చొప్పున కోస్తారు. ఎర్ర అట్ట మీద ఎర్ర రంగు, నల్ల అట్ట మీద నల్ల రంగు అద్దుతూ పోతే అచ్చుయంత్రం లేకుండానే నూరు దాకా ప్రతులు తయారవుతాయి. అవి ఇతర ఊళ్ళకు వెళతాయి. లిల్యా బ్రిక్ లాంటివాళ్ళు రంగులద్దే పనిలో కూర్చున్నారు. అట్టలు కోసిన చేతులన్నిటి పేర్లూ చరిత్రకెక్కలేదు.

వస్తువు రూపాన్ని నిర్ణయిస్తుందని మనం తరచు అంటాం. ఇక్కడ పనిముట్టు కూడా నిర్ణయించింది. అట్ట కోసి వేసే బొమ్మలో నీడలు, మెరుపులు కుదరవు. కార్మికుడు ఒకే ఎరుపు ముద్ద, పెట్టుబడిదారు ఒకే నలుపు ముద్ద. వాక్యం కూడా ఆ బొమ్మ పక్కన పట్టేంతే ఉండాలి. రోస్తా పాదాల కరుకుతనానికి కవి స్వభావం ఎంత కారణమో అట్ట, కత్తి అంత కారణం.

అదే కాలంలో విటెబ్స్క్ అనే చిన్న పట్నంలో ఇంకో ప్రయోగం జరిగింది. 1918లో ఆ ప్రాంతపు కళావ్యవహారాల బాధ్యత తీసుకున్న మార్క్ షగాల్, విప్లవ ప్రథమ వార్షికోత్సవానికి సున్నాలు వేసేవాళ్ళను, బోర్డులు రాసేవాళ్ళను, కుర్రవాళ్ళను కూడగట్టి ఊరంతా అలంకరించాడు. ఆవు ఆకుపచ్చగా ఎందుకుందని పెద్దలు అడిగారని ఆయనే రాసుకున్నాడు. 1919 జనవరిలో అక్కడ ప్రజా కళాపాఠశాల తెరిచాడు. బీద కుటుంబాల పిల్లలు వచ్చి చేరారు. లాజర్ ఖిదెకెల్ అనే విద్యార్థి 1904లో పుట్టినవాడు. అంటే మన లెక్కలో హైస్కూలు కుర్రవాడు. ఆ ఏడాదే లిసిట్‌స్కీ వచ్చి అచ్చుపని నేర్పాడు, ఆ వెనక మలేవిచ్ వచ్చాడు. 1920లో ‘ఉనోవిస్’ అనే బృందం ఏర్పడి గోడలనూ ట్రాములనూ చదరాలతో, వృత్తాలతో నింపింది. ఆ సంవత్సరం ఆ దారిన పోయిన ఐజెన్‌స్టీన్, సున్నం కొట్టిన ఇటుక గోడల మీద ఆకుపచ్చ వృత్తాలు, నారింజ చదరాలు చూసి విస్తుపోయాడు.

ఈ విజయంలో ఒక చిక్కుంది. పిల్లలు షగాల్ తరగతి వదిలి మలేవిచ్ వెంట పోయారు. 1920 వేసవిలో షగాల్ ఊరే వదిలాడు. శిష్యులు గురువుగారి నల్లచదరాన్ని చొక్కా చేతికి కుట్టుకు తిరిగారు. ఊరి గోడలు పిల్లల చేతికొచ్చినై, నిజమే. గోడ మీద మాట్లాడింది పిల్లలా, మలేవిచ్చా? వీధికళను బడికి తెచ్చే ప్రతివాడూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

నా దృష్టిలో జవాబుకు దగ్గరగా వచ్చింది 1968 మే నెల పారిస్. విద్యార్థులు కళాశాలను ఆక్రమించి ‘ప్రజా కార్యశాల’ పెట్టారు. వాళ్ళు వాడిన సిల్క్‌స్క్రీన్ కూడా స్టెన్సిల్ జాతిదే. సంతకం లేకుండా పోస్టర్లు వేశారు. ప్రతి నమూనానూ సభలో పెట్టి రెండు ప్రశ్నలు అడిగారు: ఇందులో భావం సరైనదేనా? ఆ భావాన్ని ఈ బొమ్మ చెప్పగలుగుతోందా? సాహిత్య విమర్శకు కూడా ఇంతకు మించిన ప్రశ్నలు లేవు.

మనకు స్టెన్సిల్ పరాయిది కాదు. సంక్రాంతికి బజార్లో అమ్మే చిల్లుల ముగ్గు పళ్ళెం స్టెన్సిలే. ఒకప్పుడు మన కరపత్రాలను, చిన్న పత్రికలను మోసిన సైక్లోస్టైల్ కాగితమూ స్టెన్సిలే. జేగురుతో గోడమీద రాత రాసినవాళ్ళకు అక్షరం కొలత తెలుసు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాసే పెయింటర్ల చేతిలో పని పోయింది, దానితోపాటు ఆ కొలతా పోతోంది.

నేను తరగతిలో వాడేది పాత ఎక్స్‌రే ఫిల్ము, బ్లేడు, స్పాంజిముక్క. మొదటి పాఠం సున్నతో. సున్నను గుండ్రంగా కోస్తే లోపలి బిళ్ళ ఊడి కిందపడుతుంది. పడకుండా ఉండాలంటే సన్నని పట్టీలు వదలాలి. ర, ఠ కూడా అంతే. తెలుగు లిపి నిండా ఇట్లాంటి గూళ్ళే. ఎక్కడ తెంపాలో, ఎక్కడ నిలపాలో తేల్చుకునేసరికి, పదేళ్ళుగా రాస్తున్న అక్షరాన్ని పిల్లవాడు మొదటిసారి చూస్తాడు.

రెండో పాఠం మాట ఎవరిదన్నది. నేను పనిచేసిన ఒక బళ్ళో గోడల మీద సూక్తులు వేయించమన్నారు. సూక్తులు పైనుంచే వచ్చాయి, పిల్లలు రంగు పూయాలి. నేను వాటితోపాటు వాళ్ళ వాక్యాలూ అడిగాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఆడపిల్లల మరుగుదొడ్డి గురించి ఎనిమిది మాటల ఫిర్యాదు రాసుకొచ్చింది. అంత పొడుగు ఫిల్ములో పట్టదు. కొట్టేస్తూ, కొట్టేస్తూ చివరికి రెండు మాటలు మిగిల్చింది: ‘గొళ్ళెం లేదు’. బడి పరువు పోతుందని, దాని బదులు పరిశుభ్రత మీద సూక్తి వేయించమని కొందరు పెద్దలు సలహా ఇచ్చారు. ఆ రెండు మాటలు కాగితం మీద అచ్చువేసి వరండాలో తగిలించాం. తర్వాతి నెలలో గొళ్ళెం వచ్చింది. రచయితలు గమనించవలసింది ఆ ఎనిమిది మాటలు రెండయిన తీరు. ఆ అమ్మాయికి సంక్షిప్తత గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. బ్లేడు చెప్పింది, అవసరం చెప్పింది.

అచ్చువేసి రాసిన కవిత్వాన్ని మనం ‘మూస’ అని తిడతాం. తిట్టవలసిందే. కాని తప్పు మూసలో లేదు. ఒకరు కోసిన అట్టలో ఇంకొకరు రంగు నింపటంలో ఉంది. నినాదాన్ని నింపినా, సూక్తిని నింపినా, గురువుగారి నల్లచదరాన్ని నింపినా ఫలితం ఒకటే. మాట చెప్పే నోరూ అట్ట కోసే చేయీ ఒకే మనిషివైనప్పుడు నూరో ప్రతి కూడా పాతబడదు. బడిపిల్లలకు స్టెన్సిల్ నేర్పటమంటే గోడలు అందంగా చేయించుకోవటం కాదు. అనుభవాన్ని పదిమంది చదివే పరిమాణానికి కోసుకోవటం నేర్పటం. గోడ ఎవరిదో వారిని అడుగుదాం. మాట మటుకు పిల్లలదే కావాలి.