కేరీస్ ఒక్కటే

బీడీఎస్ విద్యార్థుల కేస్ షీట్లలో ఓ వింత లెక్క కనిపిస్తుంటుంది: ఒక పన్ను పుచ్చితే 'కేరీ', నాలుగు పుచ్చితే 'కేరీస్'! చివరి 'స్' చూసి బహువచనం అనుకోవడంతో వచ్చిన తంటా ఇది. లాటిన్‌లో కేరీస్ అంటే కుళ్లు, శిథిలం; అచ్చంగా ఏకవచనం. పాత వైద్యంలో ఎముక పుచ్చినా అదే పేరు. వెన్నెముక క్షయను మన ఆసుపత్రుల్లో నేటికీ 'కేరీస్ స్పైన్' అంటారు. విశేషణం 'కేరియస్'. లెక్క చెప్పాలంటే 'కేరియస్ లీజన్లు' అనో 'కేవిటీలు' అనో రాయాలి. కేవిటీకి మూలం, బోలు అనే అర్థమున్న లాటిన్ 'కేవస్'. తెలుగులోనైతే పంటికీ వంకాయకీ ఒకటే పుచ్చు. రోగితో పిప్పిపన్ను అన్నా చాలు. థీసిస్‌లో మాత్రం 'కేరీస్ ఈజ్' అనే రాయండి, 'ఆర్' వద్దు.